శాంతి సంతకాల తరువాత కాపలా ఎవరిది?

1990 మార్చి చివరి వారంలో ట్రింకోమలీ నుంచి బయలుదేరిన భారత సైనికుల ఆఖరి బృందాలు ఓడల్లో మద్రాసు రేవుకు చేరుకున్నాయి. వారికి స్వాగతం పలికే కార్యక్రమానికి నాటి ముఖ్యమంత్రి ఎం. కరుణానిధి వెళ్లలేదు. అంతకు మూడేళ్ల ముందు ఒక శాంతి ఒప్పందాన్ని నిలబెట్టడానికి శ్రీలంకకు వెళ్లిన సైన్యం అది. మొదటి రోజుల్లో జాఫ్నా తమిళులు ఆ సైనికులను తమవాళ్లుగా చూశారు. తిరిగి వచ్చేనాటికి సుమారు 1,200 మంది జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. ఎవరిని కాపాడటానికి వెళ్లారో ఆ జనంలోనూ ఎందరో చనిపోయారు. మరుసటి ఏడాది మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది.

అంతర్యుద్ధాల తరువాత కుదిరే ఒప్పందాలను బయటివారు ఎలా పర్యవేక్షించాలన్నది చెన్నైకి దూరదేశాల దౌత్య చర్చ కాదు. సెంట్రల్ నుంచి సూళ్లూరుపేట వైపు వెళ్లే లోకల్ రైళ్లలో రోజూ ఎంతోమంది తెలుగువారు గుమ్మిడిపూండి మీదుగా రాకపోకలు సాగిస్తారు. ఆ ఊళ్లో శ్రీలంక తమిళుల శిబిరం ఉంది. 1983 తరువాత పడవల మీద వచ్చినవారు, వారి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు కలిపి తమిళనాడులో వందకు పైగా శిబిరాల్లో సుమారు 58,000 మంది ఉన్నారని 2021 నాటి ప్రభుత్వ లెక్క. ఒక్కో ఒప్పందం విఫలమైనప్పుడల్లా కొత్త పడవలు వచ్చాయి. పర్యవేక్షణ మంచిదా చెడ్డదా అని తేల్చడానికి ఇంతకంటే దగ్గరి కొలత మనకు దొరకదు.

1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే సంతకం చేసిన ఒప్పందాన్ని ఈ కోణం నుంచి మళ్లీ చదవాలి. కాల్పుల విరమణను రెండు ప్రభుత్వాల ప్రతినిధులతో కూడిన ఉమ్మడి పరిశీలక బృందం గమనిస్తుందని దాని అనుబంధం చెప్పింది. ఆయుధాల అప్పగింత శ్రీలంక రెడ్‌క్రాస్, భారత రెడ్‌క్రాస్ ప్రతినిధుల సమక్షంలో జరగాలని చెప్పింది. అవసరమైతే కాల్పుల విరమణకు హామీగా ఉండి దాన్ని అమలు చేయించడానికి భారత శాంతి దళాన్ని శ్రీలంక అధ్యక్షుడు పిలవవచ్చని కూడా చెప్పింది. సాక్షి, హామీదారు, అమలు చేసే పోలీసు: మూడు పాత్రలూ ఒకే దేశానివి. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. ఏ ఆయుధాల అప్పగింత గురించి ఇంత వివరంగా రాశారో, ఆ ఆయుధాలు పట్టుకున్న తమిళ పులుల సంస్థ ఎల్టీటీఈ ఆ కాగితం మీద సంతకం చేయనే లేదు. ఆగస్టు 5న పలాలీలో నామమాత్రంగా కొన్ని తుపాకులు అప్పగించారు. అక్టోబరు రెండో వారానికి హామీదారు యుద్ధంలో ఒక పక్షంగా మారిపోయాడు.

బయటివారు అసలు ఎందుకు అవసరమవుతారు? రెండు దేశాల మధ్య యుద్ధం ఆగితే ఎవరి సైన్యం వారి సరిహద్దు వెనక్కి వెళుతుంది, రెండు వైపులా ఆయుధాలు ఉంటాయి. అంతర్యుద్ధంలో అలా కుదరదు. ఒక్క దేశంలో రెండు సైన్యాలు ఉండకూడదు కాబట్టి తిరుగుబాటుదారులు తుపాకులు దించాలి. దించిన మరుక్షణం వారి చేతిలో బేరానికి ఏమీ మిగలదు. ప్రభుత్వం మాత్రం సైన్యంతో, పోలీసులతో, కోర్టులతో యథాతథంగా ఉంటుంది. భూములు పంచుతాం, అధికారం పంచుతాం, కేసులు ఎత్తివేస్తాం అన్న మాటలు రేపటివి. ఆయుధాల అప్పగింత ఇవాళ్టిది. ముందుగా మాట నిలబెట్టుకున్నవాడే ముందుగా నష్టపోతాడన్న భయం నిజమైనది. అన్నదమ్ముల ఆస్తి పంపకాల కాగితం మీద ఊరి పెద్దల సంతకం అడగడం ఇలాంటి భయం వల్లనే. అంతర్యుద్ధాల శాంతి యత్నాలు సంప్రదింపుల దశలో కంటే అమలు దశలోనే ఎక్కువగా కూలిపోవడానికి ఇదే కారణమనీ, మూడో పక్షం హామీ ఉన్నచోట ఒప్పందాలు నిలిచే అవకాశం బాగా పెరుగుతుందనీ అమెరికన్ పరిశోధకురాలు బార్బరా వాల్టర్ 1990లలోనే వాదించారు. ఆ తరువాతి పరిశోధనలు చాలావరకు ఆ దారినే బలపరిచాయి.

అయితే మూడో పక్షం ఉండటం వేరు, ఆ పక్షం చేతిలో ఏముంది అన్నది వేరు. ఇందుకు అతి స్పష్టమైన ఉదాహరణ మళ్లీ శ్రీలంకలోనే ఉంది.

2002 ఫిబ్రవరిలో శ్రీలంక ప్రధాని రణిల్ విక్రమసింఘే, ఎల్టీటీఈ అధినేత వేలుపిళ్లై ప్రభాకరన్ సంతకాలతో కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. ఈసారి ఇద్దరూ సంతకం చేశారు. నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్, ఐస్లాండ్ దేశాల నుంచి వచ్చిన నిరాయుధ పరిశీలకులతో శ్రీలంక మానిటరింగ్ మిషన్ ఏర్పడింది. మొత్తం కలిపి అరవై మంది దాకా. జాఫ్నా, మన్నారు, వవునియా, ట్రింకోమలీ, మట్టక్కళప్పు, అంపారై జిల్లాల్లో ఒక్కో స్థానిక కమిటీ. ప్రతి కమిటీలో ప్రభుత్వం నియమించిన ఇద్దరు, ఎల్టీటీఈ నియమించిన ఇద్దరు, ఒక విదేశీ పరిశీలకుడు. ఒప్పందం అర్థం విషయంలో మిషన్ అధిపతి మాటే అంతిమం అని రాసుకున్నారు. చదవడానికి పకడ్బందీగా ఉంటుంది. మొదటి రెండేళ్లలో వేల ప్రాణాలు దానివల్ల మిగిలాయన్నది కూడా నిజం. జాఫ్నాకు వెళ్లే ఏ9 రహదారి తెరుచుకుంది. తమిళనాడు శిబిరాల నుంచి కొన్ని కుటుంబాలు ధైర్యం చేసి వెనక్కి వెళ్లాయి.

ఉల్లంఘన జరిగిందని మిషన్ తీర్పు చెప్పిన తరువాత ఏమవుతుందో ఒప్పందంలో ఎక్కడా లేదు. లోపం అక్కడే ఉంది. నమోదైన ఉల్లంఘనల్లో అత్యధిక భాగం ఎల్టీటీఈవి. వాటిలో పిల్లలను బలవంతంగా దళాల్లో చేర్చుకోవడం పెద్ద వాటా. తల్లిదండ్రులు వచ్చి ఫిర్యాదు చేసేవారు, పరిశీలకులు రాసుకునేవారు, సంఖ్య పెరిగేది. పిల్లలు మాత్రం ఇంటికి వచ్చేవారు కాదు. 2006 ఆగస్టు 4న మూతూరులో ఒక ఫ్రెంచి సహాయ సంస్థకు చెందిన 17 మంది స్థానిక సిబ్బందిని వరుసగా పడుకోబెట్టి కాల్చి చంపారు. ఇది భద్రతా దళాల పని అని ఆ నెలాఖరున మిషన్ తేల్చి చెప్పింది. ప్రభుత్వం ఖండించింది. అక్కడితో ఆగిపోయింది. తీర్పు ఉంది, దాన్ని మోసుకెళ్లే దారి లేదు.

పైగా నార్వే అప్పటికే సంప్రదింపుల మధ్యవర్తి. చర్చల బల్ల దగ్గర ఇద్దరినీ బుజ్జగించాల్సిన దేశమే క్షేత్రంలో ఇద్దరినీ తప్పు పట్టాల్సిన మిషన్‌కు నాయకత్వం వహించింది. చర్చలు చెడతాయన్న భయంతో తీర్పుల పదును తగ్గుతుందని కొలంబోలోనే కాదు, జాఫ్నాలోనూ విమర్శ వచ్చింది. ఇక 2006 మే నెలలో యూరోపియన్ యూనియన్ ఎల్టీటీఈని ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది. యూనియన్ సభ్యదేశాల పరిశీలకులు వెళ్లిపోవాలని ఎల్టీటీఈ పట్టుబట్టింది. స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ వారు సెప్టెంబరు నాటికి వెళ్లిపోయారు. మిగిలినవారు ఇరవై మంది. పడవలు మళ్లీ రామేశ్వరం వైపు రావడం మొదలైంది ఆ ఏడాదే. 2008 జనవరిలో ప్రభుత్వం ఒప్పందం నుంచి బయటకు వచ్చింది, మిషన్ సామాను సర్దుకుంది. సాక్షులు వెళ్లిపోయిన ఆ ఏడాదిన్నర కాలంలోనే ఈ యుద్ధపు అతి ఘోరమైన దశ నడిచింది. 2008 సెప్టెంబరులో యుద్ధ ప్రాంతంలోని కిలినొచ్చి నుంచి ఐక్యరాజ్య సమితి సిబ్బంది కూడా వెనక్కి వచ్చేశారు. చివరి నెలల్లో 40,000 మంది వరకు పౌరులు చనిపోయి ఉండవచ్చని సమితి ప్రధాన కార్యదర్శి నియమించిన నిపుణుల బృందం 2011లో పేర్కొంది. సమితి తన బాధ్యతలో విఫలమైందని సమితి సొంత విచారణే 2012లో ఒప్పుకుంది.

దీని పక్కన ఇండోనేసియాలోని అచేను పెట్టి చూడాలి. 2004 డిసెంబరు 26న మెరీనా తీరాన్ని ముంచిన సునామీయే అచేనూ, శ్రీలంక తూర్పు తీరాన్నీ నేలమట్టం చేసింది. శ్రీలంకలో సహాయ నిధులను ప్రభుత్వం, ఎల్టీటీఈ కలిసి పంచాలన్న 2005 జూన్ ఏర్పాటును సుప్రీంకోర్టు పాక్షికంగా నిలిపివేసింది. ఆ వైపు యుద్ధం తిరిగి వచ్చింది. అచేలో అదే ఏడాది ఆగస్టు 15న ఫిన్లాండ్ మాజీ అధ్యక్షుడు మార్టి అహ్తిసారి మధ్యవర్తిత్వంతో హెల్సింకీలో ఒప్పందం కుదిరింది, నిలిచింది. సునామీ ఒక్కటే కారణమైతే రెండు చోట్లా ఒకటే ఫలితం రావాలి. తేడా చాలావరకు రాజకీయాల్లో ఉంది. అచే తిరుగుబాటు సంస్థ గామ్ స్వాతంత్ర్య డిమాండును వదులుకుంది, జకార్తా స్థానిక పార్టీలకు దారి ఇచ్చింది. కానీ పర్యవేక్షణను కట్టిన తీరులోనూ గట్టి తేడా ఉంది.

అచే మానిటరింగ్ మిషన్‌ను యూరోపియన్ యూనియన్, నార్వే, స్విట్జర్లాండ్, ఐదు ఆగ్నేయాసియా దేశాలు కలిసి నడిపాయి. పొరుగు దేశాల ముఖాలు ఉండటం వల్ల పరాయి పెత్తనం అన్న మాటకు బలం తగ్గింది. గామ్ 840 ఆయుధాలు అప్పగించాలి. వాటిని జనం చూస్తుండగా రంపాలతో కోశారు. నాలుగు విడతల్లో ఆయుధాలు వచ్చాయి. ప్రతి విడతకూ ఎదురుగా ఇండోనేసియా బయటి ప్రాంతాల నుంచి తెచ్చిన సైనికులను, పోలీసులను ఆ మేరకు వెనక్కి పంపింది. ఒక చేతి నుంచి ఇంకో చేతికి, వెంటవెంటనే. ఎవరూ పూర్తిగా ఖాళీ చేతులతో నిలబడే రోజు రాలేదు. వివాదం వస్తే మిషన్ అధిపతి తీర్పు రెండు పక్షాలకూ శిరోధార్యం. అప్పటికీ తేలకపోతే జకార్తాలోని సీనియర్ మంత్రి, గామ్ రాజకీయ నాయకత్వం, చివరికి అహ్తిసారి దాకా వెళ్లే మెట్లు ఒప్పందంలోనే రాసి ఉన్నాయి. శ్రీలంకలో లేనివి ఆ మెట్లే. 2005 డిసెంబరు ముగిసేసరికి ఆయుధాల పని పూర్తయింది. 2006 డిసెంబరులో మిషన్ వెళ్లిపోయింది.

ఇంతవరకు చెప్పుకుంటే అచే కథ పాఠ్యపుస్తకంలో పెట్టదగినది. కానీ అదే ఒప్పందంలో మానవ హక్కుల కోర్టు, సత్యశోధన సంఘం కూడా ఉన్నాయి. పదిహేను నెలల్లో వెళ్లిపోయిన మిషన్‌కు వాటిని పట్టించుకునే వ్యవధి గానీ ఆసక్తి గానీ లేకపోయింది. సత్యశోధన సంఘం ఏర్పడింది 2016లో, అది కూడా స్థానిక శాసనం ద్వారా. తప్పిపోయిన కొడుకు గురించి అడిగే తల్లికి మిషన్ ఉన్న రోజుల్లో జవాబు దొరకలేదు, వెళ్లాక అడగడానికి మనిషి లేడు.

ఈ అసమానత దాదాపు ప్రతిచోటా కనిపిస్తుంది. ఆయుధాలను లెక్కపెట్టవచ్చు, ఫొటో తీయవచ్చు, నివేదికలో పట్టికగా వేయవచ్చు. అందుకే పర్యవేక్షణ అంటే ఆయుధాల పర్యవేక్షణ అనే అర్థం స్థిరపడిపోయింది. నేపాల్ ఇందుకు మంచి సాక్ష్యం. 2006 నవంబరులో అక్కడి ఏడు పార్టీల ప్రభుత్వానికీ మావోయిస్టులకూ సమగ్ర శాంతి ఒప్పందం కుదిరింది. 2007 జనవరిలో భద్రతా మండలి తీర్మానంతో సమితి మిషన్ ఏర్పడింది. అది వచ్చేలోపు ఖాళీ లేకుండా ఆయుధాల శిబిరాల వద్ద కాపలాకు మాజీ గూర్ఖా సైనికులను పెట్టారు. మావోయిస్టుల 3,475 ఆయుధాలు కంటైనర్లలోకి చేరాయి. నేపాల్ సైన్యం కూడా అంతే సంఖ్యలో ఆయుధాలను నిల్వలో పెట్టింది. తాళాలు మాత్రం ఎవరివి వారి దగ్గరే. సమితి దగ్గర ఉన్నది చూసే హక్కు, తెరిస్తే మోగే అలారం. తుపాకులు లొంగిపోలేదు, విశ్రాంతి తీసుకుంటున్నాయన్న గౌరవం మావోయిస్టులకు మిగిలింది. ఆ ఏర్పాటు లేకపోతే వారు శిబిరాల్లోకి వచ్చేవారు కాదు. ఐదుగురు, పదిమంది రాజనీతిజ్ఞులు కూర్చుని ఆలోచించిన చక్కని పరిష్కారం అది, మెచ్చుకోవలసిందే.

మనుషుల లెక్కకు వచ్చేసరికి కథ మారింది. శిబిరాల్లో నమోదైనవారు 32,000 మందికి పైగా. సమితి పరిశీలన తరువాత అర్హులుగా తేలినవారు 19,602 మంది. అసలు తమ సంఖ్య ఏడెనిమిది వేలేననీ, ఎక్కువ చేసి చూపించామనీ మావోయిస్టు నేత ప్రచండ తన కార్యకర్తలకు చెబుతున్న వీడియో 2009 మేలో బయటపడింది. పర్యవేక్షక సంస్థ పరువుకు అది పెద్ద దెబ్బ. మిషన్ పక్షపాతం చూపుతోందని సైన్యం, కొన్ని పార్టీలు అంతకు ముందు నుంచే అంటున్నాయి. 2011 జనవరి 15న మిషన్ మూతపడింది. ఆ తరువాత తాళాలు ప్రత్యేక కమిటీకి చేరాయి, 1,400 మందికి పైగా మాజీ పోరాటకారులు సైన్యంలో చేరారు, మిగతావారు నగదు తీసుకుని ఇళ్లకు వెళ్లారు. బయటివారు వెళ్లిపోయాక కూడా నేపాలీలు ఆ పనిని తామే ముగించుకున్నారన్నది గుర్తించాలి. ముగియనిది మరొకటి. 2015లో ఏర్పడిన సత్యనిరూపణ సంఘానికి 60,000కు పైగా ఫిర్యాదులు వచ్చాయి. కంటైనర్ల మీద నాలుగేళ్లు కన్ను ఉంది. ఆ ఫిర్యాదుల మీద అలాంటి కన్ను ఏదీ లేదు.

ఎల్ సాల్వడార్ ఈ క్రమాన్ని తలకిందులు చేసి చూపింది. అక్కడ సమితి పరిశీలకులు 1991 జులైలోనే, అంటే కాల్పుల విరమణ కంటే ముందే, మానవ హక్కుల పని మీద దిగారు. యుద్ధం నడుస్తుండగానే పోలీస్ స్టేషన్లకు, జైళ్లకు వెళ్లి అడిగే అధికారం వారికి ఉంది. 1992 జనవరి 16న మెక్సికోలోని చాపుల్టెపెక్‌లో తుది ఒప్పందం కుదిరేసరికి వారు ఆ దేశంలో కొత్తవాళ్లు కారు. గెరిల్లాలు ఐదో వంతు చొప్పున ఐదు విడతల్లో ఆయుధాలు వదలాలి, ప్రతి విడతకూ ప్రభుత్వ సంస్కరణ ఒకటి జత. ప్రభుత్వం ఆలస్యం చేస్తే గెరిల్లాలూ ఆగేవారు, సమితి కూర్చోబెట్టి తేదీలు మార్చేది. అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. 1993 మేలో పక్క దేశం నికరాగువా రాజధాని మనాగువాలో ఒక రహస్య ఆయుధ డంపు పేలింది. అది సాల్వడార్ గెరిల్లాలది. సమితి ధ్రువీకరణ తప్పని తేలిపోయింది. అయినా ఒప్పందం కూలలేదు. బయటపడిన దొంగ నిల్వలను వెతికించి నాశనం చేయించారు. మోసం బయటపడినా నిలిచే ఒప్పందానికీ, చిన్న అనుమానానికే కూలిపోయే ఒప్పందానికీ తేడా ఇలాంటి సమయాల్లోనే తెలుస్తుంది.

ఆ దేశంలోనే జరిగిన ఇంకో సంగతి బాధ కలిగిస్తుంది. ముగ్గురు విదేశీయులతో ఏర్పడిన సత్యశోధన సంఘం 1993 మార్చిలో పేర్లతో సహా నివేదిక ఇచ్చింది. సరిగ్గా ఐదు రోజులకు పార్లమెంటు అందరికీ క్షమాభిక్ష ప్రసాదిస్తూ చట్టం చేసింది. ఆ చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసింది 2016లో. మధ్యలో ఇరవై మూడేళ్లు.

డబ్బు, మనుషులు చాలకపోతే ఎంత మంచి పత్రమైనా ఏమవుతుందో అంగోలా చూపింది. తమిళనాడుకు దాదాపు పది రెట్ల దేశానికి 1991-92లో సమితి పంపింది 350 మంది సైనిక పరిశీలకులను. సైన్యాల విలీనం పూర్తికాకుండానే 1992 సెప్టెంబరులో ఎన్నికలు పెట్టారు, ఓడిన తిరుగుబాటు నేత జొనాస్ సవింబి ఫలితాన్ని ఒప్పుకోలేదు, యుద్ధం మళ్లీ మొదలై మరో పదేళ్లు నడిచింది.

ఉత్తర ఐర్లాండ్‌లో మరో పద్ధతి. కెనడా జనరల్ జాన్ డి షస్తలాన్ నాయకత్వంలోని స్వతంత్ర సంఘం ఆయుధాల విసర్జనను చూసింది, ఫొటోలు ఇవ్వలేదు. లొంగుబాటులా కనిపించకూడదన్నది బ్రిటన్‌పై పోరాడిన సాయుధ సంస్థ ఐఆర్ఏ పట్టుదల. 2005 సెప్టెంబరులో ఆఖరి విడతకు ఒక ప్రొటెస్టెంట్ పాస్టరు, ఒక కాథలిక్ ఫాదరు సాక్షులుగా నిలిచారు. సాక్ష్యం ఎవరి నోటి నుంచి వస్తే జనం నమ్ముతారో వారినే ఎంచుకున్నారు. విదేశీయుడు కావడం ఒక్కటే విశ్వాసాన్ని తేదు.

ఇటీవలి ప్రయత్నాల్లో అన్నిటికంటే శ్రద్ధగా చూడవలసింది కొలంబియా. 2016 నవంబరు 24న ప్రభుత్వానికీ ఫార్క్ గెరిల్లాలకూ కుదిరిన తుది ఒప్పందంలో 578 హామీలు ఉన్నాయని లెక్కకట్టారు. ఒక్కో హామీ ఎంతవరకు వచ్చిందో చూసే పనిని అమెరికాలోని నోటర్ డామ్ విశ్వవిద్యాలయపు క్రోక్ సంస్థకు ఒప్పందమే అప్పగించింది. పరిశోధన సంస్థకు అలాంటి బాధ్యతను నేరుగా ఒప్పందంలోనే ఇవ్వడం అదే మొదలు. మరోవైపు సమితి మిషన్ ఫార్క్ నుంచి 8,994 ఆయుధాలు తీసుకుంది, 2017 సెప్టెంబరు నుంచి కొత్త రూపంలో ప్రతి మూడు నెలలకూ భద్రతా మండలికి నివేదిస్తోంది. ఒప్పందాన్ని ఎన్నికల్లో వ్యతిరేకించిన ఇవాన్ డుకే 2018లో అధ్యక్షుడయ్యాడు. అయినా దాన్ని చించివేయలేకపోయాడు. మూడు నెలలకోసారి న్యూయార్క్‌లో జవాబు చెప్పుకోవలసి రావడం అందుకు ఒక కారణం. అయితే అక్కడా ఆయుధాల విభాగం వేగంగా ముగిసింది, గ్రామీణ భూ సంస్కరణ నత్తనడకన సాగుతోంది. తుపాకులు వదిలిన తరువాత హత్యకు గురైన మాజీ గెరిల్లాల సంఖ్య 400 దాటింది. ఆ సంఖ్యను ప్రపంచానికి చెప్పింది సమితి మిషనే. చెప్పడం ఆపడంతో సమానం కాదు. కానీ చెప్పేవారే లేకపోతే ఆ హత్యలు స్థానిక వార్తల్లో చివరి పేజీతో ఆగిపోయేవి.

ఇక మన ఇంటి సంగతి. ఇతర దేశాల ఒప్పందాలను పర్యవేక్షించడానికి భారత్ ఎన్నోసార్లు వెళ్లింది. 1954లో వియత్నాం, లావోస్, కంబోడియా మూడింటిలోనూ పర్యవేక్షక కమిషన్లకు అధ్యక్షత వహించింది. సొంత గడ్డ మీద తిరుగుబాటుదారులతో కుదుర్చుకున్న ఒప్పందాలకు మాత్రం విదేశీ పరిశీలకులకు చోటివ్వలేదు. సార్వభౌమత్వం పేరుతో తీసుకున్న ఈ వైఖరిని ఊరికే కొట్టిపారేయలేం. మిజోరం ఒప్పందం (1986 జూన్ 30) ఏ విదేశీ సాక్షీ లేకుండా ఇప్పటికీ నిలిచింది. కానీ అది ఎలా నిలిచిందో చూడండి. అధికారంలో ఉన్న లాల్ థన్‌హావ్లా ముఖ్యమంత్రి పదవి వదులుకుని, నిన్నటి వరకు తిరుగుబాటుదారు అయిన లాల్‌డెంగాకు ఆ కుర్చీ ఇచ్చాడు. చర్చి రెండు వైపులా నైతిక ఒత్తిడి పెట్టింది. అంటే హామీ ముందే చేతికి వచ్చింది, సాక్షి ఊళ్లోనే ఉన్నాడు.

తెలుగు నేల మీద జరిగిన ప్రయత్నంలో ఆ రెండూ లేవు. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వానికీ, మావోయిస్టు, జనశక్తి ప్రతినిధులకూ నాలుగు రోజులు చర్చలు జరిగాయి. తమిళనాట పుట్టి తెలుగు పేదల కోసం జీవితం ధారపోసిన విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదిక ఏళ్ల తరబడి చేసిన కృషి ఫలితం అది. శంకరన్ నిజాయితీని రెండు పక్షాల్లో ఎవరూ శంకించలేదు. కానీ ఆయుధాలతో ఊళ్లలో తిరగవచ్చా లేదా అన్న ప్రశ్న దగ్గర అంతా ఇరుక్కుంది. ఒక కాల్పుల ఘటన జరిగితే ఎవరు ముందు ఉల్లంఘించారో విచారించి చెప్పే, ఆ మాటను ఇద్దరూ ఒప్పుకునే వ్యవస్థ లేదు. 2005 జనవరిలో ఎన్‌కౌంటర్ల నేపథ్యంలో మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకున్నారు. ఆగస్టు 15న ఎమ్మెల్యే సి. నర్సిరెడ్డి హత్య, వెంటనే మావోయిస్టు పార్టీపై నిషేధం. శంకరన్ వంటివారు చేయగలిగింది నచ్చజెప్పడం. నిర్ధారించే అధికారాన్ని వారికి ఎవరూ కాగితం మీద రాసి ఇవ్వలేదు. విదేశీ పరిశీలకులు వద్దనుకున్నప్పుడు ఆ పనిని చేయగల స్వదేశీ సంస్థను ముందే నిర్మించుకోవాలి. మన ప్రభుత్వాలు ఆ రెండో సగాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు.

శ్రీలంకకు తిరిగి వస్తే, 2009లో యుద్ధం ఒప్పందంతో ముగియలేదు, ఒక పక్షం పూర్తి ఓటమితో ముగిసింది. కాబట్టి పర్యవేక్షించడానికి ఒప్పందమే లేదు. ఆ తరువాత జరిగినదంతా జెనీవాలోని మానవ హక్కుల మండలి తీర్మానాల దారి. 2015 తీర్మానానికి శ్రీలంక తానే సహ ప్రతిపాదకురాలైంది, 2020లో వెనక్కి తగ్గింది. భారత్ 2012, 2013లలో తీర్మానాలకు అనుకూలంగా ఓటు వేసి, 2014లోనూ 2021లోనూ దూరంగా ఉండిపోయింది. చెన్నై వీధుల్లో ప్రతిసారీ నిరసనలు జరిగాయి. 2013లో ఈ విషయం మీదే డీఎంకే కేంద్ర ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకుంది.

ఈ మొత్తం చరిత్రలో శిబిరాల్లోని కుటుంబాలకు సంబంధించిన పంక్తి ఒకటి ఉంది. నిర్వాసితులైనవారు తమ ఊళ్లకు తిరిగి వెళ్లడానికి అవసరమైన పరిస్థితులు కల్పిస్తామని 1987 ఒప్పందం చెబుతుంది. ఎవరు కల్పించాలి, ఎప్పటిలోగా, జరిగిందని ఎవరు చూసి చెబుతారు అన్నవి అందులో లేవు. ఆయుధాలకు రెండు రెడ్‌క్రాస్‌లను సాక్షులుగా పెట్టిన పత్రం, మనుషుల తిరుగు ప్రయాణానికి ఒక్క సాక్షినీ పెట్టలేదు. 2002 నాటి ఆరు జిల్లా కమిటీల్లోనూ పాక్ జలసంధికి ఇవతల ఉన్నవారి మాట వినే ఏర్పాటు లేదు. తమిళులు ఎక్కువగా ఉన్న శ్రీలంక ఉత్తర ప్రాంత మండలి గడువు 2018 అక్టోబరులో ముగిసింది. ఇలాంటి ప్రాంత మండళ్లకు అధికారాలిచ్చే శ్రీలంక 13వ రాజ్యాంగ సవరణను అమలు చేయాలని భారత్ ప్రతి ఉన్నతస్థాయి సమావేశంలో గుర్తు చేస్తూ వచ్చింది. ఆ గుర్తు చేయడంలో శిబిరాల ప్రస్తావన అరుదు.

తిరిగి వెళ్లాలా వద్దా అని ఆలోచించే కుటుంబానికి కావలసిన సమాచారం పెద్దదేమీ కాదు. వదిలి వచ్చిన భూమి ఎవరి ఆధీనంలో ఉంది, తమిళనాడులో పుట్టిన పిల్లలకు పౌరసత్వ పత్రం ఎన్నాళ్లలో వస్తుంది, ఇక్కడ చదివిన చదువుకు అక్కడ గుర్తింపు ఉందా, వెళ్లినవారు ఎలా బతుకుతున్నారు. ఈ నాలుగింటి మీద ఏడాదికోసారి తమిళంలో, సింహళంలో, ఇంగ్లిషులో బహిరంగ నివేదిక ఇచ్చే ఉమ్మడి పరిశీలక బృందాన్ని భారత్, శ్రీలంక వేసుకోవచ్చు. శరణార్థుల ప్రతినిధులు ఇద్దరు, సమితి శరణార్థి సంస్థ నుంచి ఒకరు అందులో ఉండాలి. నివేదికను రెండు పార్లమెంట్లలోనూ, తమిళనాడు శాసనసభలోనూ ప్రవేశపెట్టాలి. ఇందుకు కొత్త ఒప్పందం అక్కర్లేదు. 1987లో రాసుకున్న ఆ పంక్తి చట్టబద్ధమైన ఆధారంగా సరిపోతుంది.